డోరికా కంప్యూటర్లోంచి పోతున్నదేమిటి?

డోరికా నంబేవే ఇరవయ్యో ఏట జోంబా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరింది. ఎవరికైనా లిలోంగ్వేకో బ్లాంటైర్‌కో ట్రంక్ కాల్ కావాలంటే ఆమె తీగ గుచ్చితేనే మాట కలిసేది. అవతలివాళ్ల మాటలు వినకూడదన్నది అక్కడి మొదటి నియమం. దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టారు. దాని కిందే కూర్చుని అందరూ వినేవారు. మీటింగుకని లిలోంగ్వే వెళ్లానని భార్యకు చెప్పిన హెడ్మాస్టరు మంగోచిలో సరస్సు ఒడ్డున లాడ్జి నుంచి మాట్లాడుతున్నాడని ఆ భార్యకు తెలిసేది కాదు, డోరికాకు తెలిసేది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆమెకొక అలవాటు పడిపోయింది. ఎవరేం చెప్పినా తలూపి వినేది. ఆ తర్వాత ఆ మాట నిజంగా ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కునేది.

లాస్టన్ అనే లారీ డ్రైవరు పెళ్లి చేసుకుంటానని అడిగినప్పుడు, ఆమె వెంటనే ఔననలేదు, కాదనలేదు. మూడు ఊళ్ల ఎక్స్ఛేంజిల్లో తనకు తెలిసిన ఆపరేటర్లకు ఫోన్ చేసి, ఈ పేరుగల మనిషి ఏ ఆడపిల్లకైనా కాల్ బుక్ చేస్తున్నాడా అని వాకబు చేసింది. ఎవరికీ చేయటం లేదని మూడు ఊళ్ల నుంచీ కబురొచ్చాక ఔనంది. లాస్టన్ ఆ సంగతి పాతికేళ్లుగా చెప్పుకుని నవ్వుతూనే ఉన్నాడు. ఆమె మాత్రం ఎప్పుడూ నవ్వలేదు.

ఎక్స్ఛేంజి మూతపడి, చేతి తీగల ఉద్యోగాలు పోయాక డోరికా కొన్నాళ్లు బళ్లో గుమాస్తాగా చేసింది. తర్వాత తన చెవులకు తగ్గ పని దొరికింది. ఊళ్లో తల్లుల ఆరోగ్యం మీద పరిశోధన చేసే ఆఫీసు ఒకటుంది. వాళ్లు పల్లెలు తిరిగి ఆడవాళ్లతో మాట్లాడి, ఆ మాటలు రికార్డు చేసుకొస్తారు. చిచేవా, యావో భాషల్లో ఉన్న ఆ మాటల్ని విని, అక్షరం పొల్లుపోకుండా టైపు చేసి, పక్కన ఇంగ్లీషులో రాసివ్వాలి. పిల్లలు నిలవని తల్లులు, ఆస్పత్రికి దూరమై దారిలోనే కన్నవాళ్లు, మొగుడికి చెప్పకుండా మందు వేసుకున్నవాళ్లు, అందరి గొంతులూ డోరికా చెవిలోకి వచ్చేవి. ఒక్క మాట బయటికి పొక్కనివ్వనని ఆమె కాగితం మీద సంతకం పెట్టింది. పాత ఎక్స్ఛేంజి గోడ మీది నియమాన్ని ఎవరూ పట్టించుకోలేదు గానీ, ఈ కాగితాన్ని ఆమె బీరువాలో భద్రంగా పెట్టుకుంది. ఆ గొంతుల్లో ఏడుపు ఉండేది. ఆ ఏడుపు తన ఇల్లు దాటటం ఆమెకు ఇష్టం లేదు.

మొదట్లో రికార్డింగులు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేవారు. ఆఫీసులో పాత కంప్యూటర్లు వేలం వేసినప్పుడు డోరికా ఒకటి కొని ఇంట్లో కిటికీ దగ్గర పెట్టుకుంది. ఆ తర్వాత ఆఫీసువాళ్లు అన్నీ ఇంటర్నెట్‌లోనే పంపుతామన్నారు. సరేనని ఒక డాంగిల్ కొని కంప్యూటరుకు గుచ్చింది. నెలకు పది జీబీల ప్యాకేజీ వేయించుకుంది. నెల మొత్తానికి చాలా ఎక్కువని మగాంగా చెప్పాడు. మార్కెట్టు వెనక కంప్యూటర్లు బాగుచేసే లావుపాటి మనిషి అతను. ఆదివారాల్లో ఫుట్‌బాల్ మ్యాచీలకు రిఫరీగా ఉంటాడు. ఇంట్లో మాట్లాడినా మైదానంలో ఉన్నట్టే అరుస్తాడు.

ఆ పది జీబీలూ పన్నెండో రోజుకు అయిపోయాయి. పై నెల పదకొండో రోజుకే. మళ్లీ వేయించింది. మళ్లీ అదే వరస.

"నువ్వు సినిమాలు చూస్తున్నావేమో అక్కా," అన్నాడు మగాంగా, బల్ల మీద స్క్రూలు ఏరుకుంటూ.

"నా మొహానికి సినిమాలొకటి. వచ్చిన రికార్డింగులు దించుకుంటాను, టైపు చేసినవి పంపుతాను. అంతే."

"అయితే ఎవరో తాగేస్తున్నారు. ఇంట్లో ఇంకెవరున్నారు?"

ఇంట్లో ఉన్నది ఎలూబే. లాస్టన్ చెల్లెలు. కాపురం చెడి ఏడాదిన్నర కిందట కుట్టుమిషనూ రెండు సంచులూ పట్టుకుని వచ్చింది. లాస్టన్ త్యోలో అనే ఊళ్లో తేయాకు తోట డ్రైవరు కాబట్టి నెలాఖరుకు గానీ ఇంటికి రాడు. మిగతా రోజులన్నీ ఇంట్లో వదినా ఆడపడుచూ ఇద్దరే. ఎలూబేకు ముప్పై ఎనిమిదేళ్లు. వరండాలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పని మంచిదే, ఆడవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. వచ్చినవాళ్లు కొలతలిచ్చి ఊరుకోరు, గంటలు గంటలు మాట్లాడుతూ కూర్చుంటారు. ఎలూబే ఫోను మాత్రం ఎప్పుడూ ఒళ్లోనే ఉంటుంది.

"ఎవరుంటే ఏమిటి," అంది డోరికా. "ఎవరు తాగుతున్నారో చూపించే సాధనం ఏదైనా ఉందా?"

ఉందన్నాడు మగాంగా. మర్నాడు ఇంటికొచ్చి కంప్యూటర్లో ఒక ప్రోగ్రామ్ ఎక్కించాడు. తెర మీద పొడుగాటి జాబితా తెరుచుకుంది. ఎడమ పక్కన పేర్లు. కుడి పక్కన రెండు వరసల అంకెలు, ఒకటి లోపలికి వచ్చేదానికి, ఒకటి బయటికి పోయేదానికి. కింద గంట గంటకూ ఎంతెంత అయిందో చూపించే గీతలు. ఏ పేరు మీదైనా మౌస్ నొక్కితే, ఇంతకు మించి వాడకూడదని దానికి హద్దు పెట్టొచ్చు, మొత్తంగా ఆపేయనూ వచ్చు.

"ఇది నీకు నేర్పక్కర్లేదు అక్కా," అని మగాంగా గట్టిగా నవ్వాడు. "నువ్వు పాత ఎక్స్ఛేంజి దానివేగా. ఏ లైను ఎటు పోతోందో చూసుకోవడమే."

"ఈ పేర్లన్నీ ఏమిటి? ఒక్కటీ అర్థం కాదు."

"అవి లోపల నడిచే ప్రోగ్రాములు, చూసి బెంబేలెత్తకు. సగం దాని సొంత పనివాళ్లే, లోపల ఊడ్చుకుంటూ కడుక్కుంటూ ఉంటారు. మొత్తం ఎంతవుతోందో చూడు, చాలు. అన్నిటికీ కలిపి హద్దు పెట్టేశాను. ఇక నెల నిండా వస్తుంది."

డోరికా పేర్ల సంగతి వదిలేసింది. గీతల్ని మాత్రం వదల్లేదు. వారం రోజులు పొద్దునా సాయంత్రం నోటు పుస్తకంలో రాసుకుంది. లోపలికి వచ్చేది అర్థమైంది, పొద్దున రికార్డింగులు దించుకున్నప్పుడు ఆ గీత లేస్తుంది. బయటికి పోయేదే అంతుచిక్కలేదు. ఆమె పంపేది టైపు చేసిన కాగితాలు. అవి ఎంతని? కానీ రోజూ మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా బయటికి పోయే గీత కొండలా లేస్తోంది. లోపలికి వచ్చినదానికంటే బయటికి పోయేదే ఎక్కువ.

ఆ రెండు గంటలూ డోరికా ఇంట్లో ఉండదు. భోజనం చేసి, కూరగాయలకో చర్చి స్త్రీల సమాజానికో వెళ్తుంది. కరెంటు ఉన్నంతసేపూ ఫైళ్లు దిగుతాయని కంప్యూటర్ను ఆపకుండా వెళ్తుంది. ఇంట్లో ఉండేది ఎలూబే ఒక్కతే.

అనుమానం అప్పుడు పుట్టింది. ఇంటర్నెట్ కోసమైతే ఇంత బాధపడేది కాదు. లోపలికి కాదు గదా, బయటికి పోతోంది. తన దగ్గర బయటికి పోవడానికి ఏముంది? ఆ గొంతులే. ఆడవాళ్ల రహస్యాలు. ఎవరికో అవి కావాలి, ఎవరో వాటికి ధర కడుతున్నారు, ఈ ఇంట్లోంచే ఎవరో పంపుతున్నారు.

అన్నిటికీ పెట్టిన హద్దును సగానికి సగం తగ్గించింది. గీత పొట్టిదైంది గానీ ఆగలేదు. రెండు గంటల్లో పోయేది నాలుగు గంటలు పోసాగింది.

అప్పట్నించీ ఎలూబే ఏం చేసినా డోరికా కళ్లు దాని వెంటే ఉండేవి. ఫోను మోగితే ఎవరు, ఎలూబే బయటికెళ్లి మాట్లాడితే ఎందుకు, కొత్త చెప్పులు కొనుక్కుంటే ఎక్కణ్ణించి. ఒకనాడు ఇద్దరూ మొక్కజొన్న పిండితో వండిన న్సిమా ముద్దలు ఉసిపా చేపల పులుసులో అద్దుకుని తింటుండగా ఎలూబే అంది:

"వదినా, మార్కెట్లో ఎండుచేపలమ్మే మారియా ఉంది చూడు. పాపం, ముగ్గురు పోయారట. మూడోది మినీబస్సులోనే పుట్టి పోయిందట."

డోరికా చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆ మాట నాలుగు రోజుల కిందట హెడ్‌ఫోన్లలో విన్నది. పేరు లేదు, అంకె మాత్రమే ఉంది, కానీ మినీబస్సు, మూడోది, అదే కథ. గొంతు కూడా ఎక్కడో విన్నట్టే అనిపించింది అప్పుడు.

"నీకెవరు చెప్పారు?"

"ఆవిడే."

"ఆవిడే నీకు ఎందుకు చెప్తుంది?"

"కొలతలు తీస్తుంటే చెప్పింది. నడుము దగ్గర చెయ్యి వేయగానే ఏడ్చేసింది. ఏమిటలా చూస్తావ్?"

"ఏం లేదు, తిను," అంది డోరికా. ఒక్క ముక్క నమ్మలేదు.

ఆ శనివారం లాస్టన్‌కు ఫోన్ చేసింది. మాట సూటిగా అనలేదు.

"మీ చెల్లెలికి కంప్యూటర్ వచ్చా?"

"దానికి మిషను తప్ప ఏం వచ్చు? ఏమైంది?"

"ఊరికే అడిగాను."

"నువ్వు ఊరికే అడిగే మనిషివి కాదు," అన్నాడు లాస్టన్. "చూడు, అది దెబ్బ తిని వచ్చింది. ఏదైనా ఉంటే నాతో చెప్పు. దాన్ని కదపకు."

అన్న వెనకేసుకొస్తున్నాడని ఆమెకు ఇంకాస్త మండింది.

గురువారం నాడు చర్చి సమాజానికి తెల్ల జాకెట్టు వేసుకుని, బైబిలు సంచీలో పెట్టుకుని, "వచ్చేసరికి అయిదవుతుంది" అని వినపడేలా చెప్పి బయల్దేరింది. వీధి చివర బూరెల్లాంటి మండాజీలు వేయించే ఆవిడ దగ్గర బెంచీ మీద కూర్చుంది. తెల్ల జాకెట్టు మీద నూనె పడకుండా సంచీ అడ్డం పెట్టుకుని, చేతి గడియారం చూసుకుంటూ రెండు మండాజీలు తింది. రెండున్నర కాగానే లేచి, ముందు గుమ్మం వైపు వెళ్లకుండా చుట్టూ తిరిగి, వంటింటి తలుపు తోసుకుని ఇంట్లోకి వచ్చింది.

వరండాలో మిషను చప్పుడు లేదు. ఎలూబే కిటికీ దగ్గర డోరికా కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్లో ఒక గౌను, చేతిలో సూది. ఫోను బల్ల మీద ఉంది. దాన్నుంచి తెల్లటి తీగ ఒకటి వెళ్లి కంప్యూటరు డబ్బాలో గుచ్చుకుని ఉంది. తెర మీద బయటికి పోయే గీత లేస్తోంది.

"దొరికావు," అంది డోరికా.

ఎలూబే ఉలిక్కిపడింది. సూది వేలికి గుచ్చుకుంది. "వదినా! సమాజానికి వెళ్లలేదా?"

"ఆ తీగ ఏమిటి?"

"ఛార్జింగ్. వంటింటి ప్లగ్గు నిప్పులు కక్కుతోందని నీకు చెప్పాను కదా పోయిన వారం. దీనికి పెడితే ఎక్కుతుందని మగాంగా చెప్పాడు."

"ఛార్జింగా? నా కళ్లెదురుగా ఇన్నిన్ని పోతుంటే ఛార్జింగంటావా? ఎవరికి పంపుతున్నావే? ఎంత ఇస్తున్నారు?"

"ఏం పంపడం? నువ్వేమంటున్నావో నాకు తెలియటం లేదు."

"మారియా సంగతి తెలిసిందిగా. ఇంకా ఎంతమంది సంగతులు విన్నావు? నీకు అన్నం పెట్టిన ఇంట్లో, నా కుర్చీలో కూర్చుని, నా గొంతు కోస్తావా?"

ఎలూబే కాసేపు ఆమె మొహంలోకి చూసింది. వేలి మీది రక్తం గౌనుకు అంటకుండా నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఫోను పీకి తీగ చుట్టింది.

"నా మొగుడు కూడా ఇలాగే వెనక తలుపులోంచి వచ్చేవాడు వదినా," అంది. "ఎవరితో ఉన్నానో పట్టుకోవడానికి. ఎప్పుడొచ్చినా నేను బట్టలే కుడుతూ ఉండేదాన్ని."

సాయంత్రం లోపలే చినంవాలిలో తెలిసినావిడ ఇంటికి వెళ్లిపోయింది. మిషను నెత్తిన పెట్టుకోవడానికి పక్కింటి మనిషిని పిలిచింది గానీ డోరికాను చెయ్యి వేయమనలేదు.

శుక్రవారం ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. డోరికా పొద్దున రెండు రికార్డింగులు పూర్తి చేసింది. భోజనం చేసి, ఈసారి ఎక్కడికీ వెళ్లకుండా, కంప్యూటరును ముట్టుకోకుండా, ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. తలుపు గడియ పెట్టి ఉంది. ఇంట్లో తను తప్ప ఎవరూ లేరు.

రెండూ అయిదుకు గీత లేచింది.

ఆమె తెరకేసి చూస్తూ ఉండిపోయింది. గీత కొంచెం కొంచెంగా లేస్తోంది, అంకెలు తిరుగుతున్నాయి, కీబోర్డు మీద ఎవరి వేళ్లూ లేవు. లేచి కిటికీ రెక్క వేసింది, మళ్లీ ఎందుకు వేశానా అనుకుని తీసింది. మనిషి పని చేస్తున్నంతసేపూ తగ్గి ఉండి, ఖాళీ దొరకగానే ఇది పని మొదలుపెడుతోందని అప్పుడు తోచింది. మధ్యాహ్నం తను లేనప్పుడు వీలు దొరికింది ఎలూబేకు కాదు, దీనికి.

మగాంగా వదిలేయమన్న పేర్ల జాబితా తెరిచింది. ఎక్స్ఛేంజిలో లైను ఎక్కడో కలిసిపోతే ఒక్కొక్క తీగే పీకి చూసేవారు. అలాగే మొదటి పేరు ఆపింది, గీత ఆగలేదు. దాన్ని వదిలి రెండోది. మూడోది. ఏడో పేరు దగ్గర గీత నేలకు పడిపోయింది. ఆపింది తీసేసింది, లేచింది. మళ్లీ ఆపింది, పడింది. మూడుసార్లు చేసి చూసుకుంది.

ఆ పేరు మీద నొక్కితే, తెర అడుగున మూలన ఇన్నాళ్లూ చిన్న మబ్బు బొమ్మలా ఉన్నది తెరుచుకుంది. ఆమె పని చేసే ఫోల్డరు మొత్తం, ప్రతి రికార్డింగూ, ప్రతి కాగితమూ, ఎక్కడో దూరాన ఉన్న ఖాతాలోకి నకలు పోతోంది. ఇంటర్నెట్ పెట్టించుకున్న రోజు నుంచీ, ఏడు నెలలుగా. పైన ఖాతాదారు పేరు ఉంది: లుసుంగు గోండ్వే.

డోరికా ఆ పేరు ఎన్నడూ వినలేదు. దేశంలో ఉత్తరపు జిల్లాలవాళ్ల పేరు. ఆ ఏడో పేరును అలాగే ఆపి ఉంచి, తెర మీదిది చేత్తో నోటు పుస్తకంలో ఎక్కించుకుని, అదే రోజు ఆఫీసుకు వెళ్లింది.

రికార్డింగుల పనంతా చూసేది థోకో చెంబే. డోరికా కంటే పదేళ్లు చిన్నది, మెత్తని మనిషి. మాట పూర్తయ్యేసరికి ఆమె మొహంలో మెత్తదనం పోయింది.

"ఈ గోండ్వే మీకు ఏమవుతాడమ్మా?"

"ఏమీ కాడు మేడమ్. పేరు కూడా ఇవాళే చూశాను."

"పేరు కూడా తెలియని మనిషి మీ ఇంట్లో కంప్యూటర్లోకి ఎలా వచ్చాడు?"

"అదే నేను మిమ్మల్ని అడుగుదామని వచ్చాను."

"ఏడు నెలలు మీకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది. ఇప్పుడే ఎందుకు తెలిసింది?"

"డేటా అయిపోతోందని..." అని మొదలుపెట్టి డోరికా ఆగిపోయింది. తన మాట తనకే కట్టుకథలా వినిపించింది.

"మీ ఇంట్లో ఇంకెవరుంటారు?"

"మా ఆడపడుచు. నిన్నటిదాకా."

"నిన్న వెళ్లిపోయారా?" థోకో కలం ఆపి తలెత్తింది. "ఎందుకు?"

డోరికా చెప్పింది. అనుమానపడ్డాననీ, వెనక తలుపులోంచి వెళ్లాననీ, అన్న మాటలూ అన్నీ చెప్పింది. చెప్తున్నకొద్దీ బల్లకు అవతల కూర్చున్న ఆమె చూపు ఎలా ఉందో డోరికాకు బాగా తెలిసొచ్చింది. తల ఊపుతోంది, వింటోంది, ఒక్క ముక్క నమ్మటం లేదు. మొన్నటిదాకా ఆ చూపు డోరికాదే.

కంప్యూటరు ఆఫీసుకు తెచ్చి అప్పగించమన్నారు. సంగతి తేలేదాకా పని ఇచ్చేది లేదన్నారు. మూడు వారాలు ఆమె ఇంట్లో ఊరికే కూర్చుంది. కిటికీ దగ్గర బల్ల మీద డబ్బా ఉన్నచోట దుమ్ము లేని చతురస్రం మిగిలింది. ఆఫీసులో తనతోపాటు టైపు చేసే ఇద్దరు ఆడవాళ్లు మార్కెట్లో కనిపించి, కూర బేరం మధ్యలో ఆపేసి పక్కకు తిరిగిపోయారు. మగాంగా మాత్రం ఇంటికొచ్చి, "నేను ఎక్కించిన ప్రోగ్రామ్ వల్లేనా ఇదంతా?" అని అరిచి, ఆమె కాదంటే సగం ఊరట పడి వెళ్లాడు.

నాలుగో వారం థోకో పిలిపించింది. గోండ్వే దొరికాడట. ఆఫీసు పాత జాబితాల్లోనే ఉన్నాడు. ఇంతకు ముందు నడిచిన పరిశోధనలో లెక్కలు రాసేవాడు, ఆ పని ముగిశాక ఉత్తరాన ఉన్న ముజూజు వెళ్లిపోయాడు. డోరికా వేలంలో కొన్నది అతను వాడిన కంప్యూటరు. అందులో తన ఖాతా మూయకుండా వెళ్లాడు. అమ్మేముందు తుడవాల్సిన ఆఫీసువాళ్లు తుడవలేదు. థోకో ఈ ముక్క చెప్పేటప్పుడు కిటికీలోంచి బయటికి చూసింది.

థోకో ఫోను స్పీకరు వేసి బల్ల మీద పెట్టి, డోరికా ఎదురుగానే అతనితో మాట్లాడింది.

"మిస్టర్ గోండ్వే, మీ ఖాతాలో కొత్త ఫైళ్లు ఏవైనా చూశారా?"

"మేడమ్, దేవుడి తోడు, ఇక ఆ ఖాతా పేరెత్తకండి," అన్నాడతను. గొంతులో నీరసం ఉంది. "ఆరేడు నెలలుగా ఖాతా నిండిపోయింది, ఇంకా స్థలం కొనుక్కో అని రోజూ కబురు. రెండుసార్లు కొన్నాను. మళ్లీ నిండిపోయేది. నేనేం పెట్టటం లేదు. ఎవరు పెడుతున్నారు? మా ఆవిడకు నా పాస్‌వర్డ్ తెలుసు."

"తెరిచి చూడలేదా?"

"ఒకసారి తెరిచాను. ఒక ఆడమనిషి గొంతు. యావోలో ఏడుస్తోంది. నాకు యావో రాదు. మా ఆవిడను అడిగాను, ఎవరిది ఈ గొంతు, ఎందుకు దాస్తున్నావని. ఆవిడేమో, నీ ఖాతాలో ఆడదాని ఏడుపుంటే నన్ను అడుగుతావేమిటి, ఎవర్ని ఏడిపించావో నువ్వే చెప్పు, అంది. రెండు నెలలు పుట్టింట్లో ఉండొచ్చింది మేడమ్. ఇప్పటికీ వంట చేస్తూ నా ఫోను చూస్తూనే ఉంటుంది."

థోకో నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డోరికాకు నవ్వు రాలేదు. "అయ్యా," అంది ముందుకు వంగి, "నా పేరు డోరికా నంబేవే. ఆ గొంతులు నా దగ్గరి నుంచి వచ్చినవి. మీ ఆవిడకు ఫోను ఇవ్వండి, నేను చెప్తాను."

అటు ఫోను చేతులు మారింది. తర్వాత ఒక ఆడగొంతు, "ఎవరు నువ్వు?" అంది. కత్తిలా ఉందా గొంతు. డోరికా పావుగంట ఓపిగ్గా చెప్పింది. చివరికి అటువైపావిడ, "నిజమేనా? ఈయన నీకు డబ్బిచ్చి చెప్పించటం లేదు కదా?" అని అడిగింది. థోకో అందుకుని ఆఫీసు పేరూ తన పేరూ చెప్పాక గానీ ఆవిడ ఫోను మొగుడికి తిరిగి ఇవ్వలేదు.

ఆఫీసు మనిషి ఒకడు ముజూజు వెళ్లి, అతని ఎదురుగా అన్నీ చెరిపించి వచ్చాడు. గోండ్వే ఒక్కటే విన్నాడనీ, అదీ అర్థం కాలేదనీ తేలింది. డోరికాకు పని తిరిగి ఇచ్చారు. అయితే ఇక మీదట ఇంట్లో చేయటానికి వీల్లేదన్నారు. ఆఫీసులోనే ఒక గదిలో, ఇంటర్నెట్ లేని కంప్యూటరు ముందు కూర్చుని చేయాలి. రోజూ నలభై నిమిషాల నడక. తప్పు తనది కానప్పుడు తనకీ నడక ఎందుకని గొంతు దాకా వచ్చింది. "సరే మేడమ్" అంది.

ఆ ఆదివారం చినంవాలి వెళ్లింది. ఎలూబే ఉంటున్న ఇల్లు మినీబస్సులు ఆగే చోటికి ఎదురుగానే ఉంది. వరండా వెడల్పుగా ఉంది, వచ్చేపోయేవాళ్లకు కనపడుతుంది. తాడు మీద నాలుగు గౌన్లు వేలాడుతున్నాయి. ఎలూబే ఆమెను చూసి మిషను ఆపింది. పక్కనున్న స్టూలు కాలితో ముందుకు తోసింది.

డోరికా కూర్చుని అంతా చెప్పింది. గోండ్వే, అతని భార్య, ఏడో పేరు, అన్నీ.

"తప్పు నాదే ఎలూబే," అంది చివర. "మాట తూలాను. వచ్చెయ్ ఇంటికి."

ఎలూబే గౌను అంచు మడిచి వేలితో నొక్కింది.

"నన్ను నమ్మి వచ్చావనుకున్నాను వదినా," అంది. "ఆ డబ్బా చెప్పిందని వచ్చావు. అది ఏడో పేరు చూపించకపోతే?"

బస్సు కండక్టర్లు ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. డోరికా చేతి సంచీ ఒళ్లో తిప్పి తిప్పి పెట్టుకుంది.

"అబద్ధం చెప్పను," అంది ఎప్పటికో. "చూపించకపోతే వచ్చేదాన్ని కాదేమో."

ఎలూబే మొదటిసారి తలెత్తి ఆమెను తిన్నగా చూసింది. "ఆ మాటన్నా నిజం చెప్పావు," అంది. "గంజి తాగుతావా?"

తాగింది. ఎలూబే మాత్రం ఆ ఇంటికి తిరిగి రాలేదు. ఇక్కడ వరండా బాగుందనీ, పని పెరిగిందనీ చెప్పింది. అది నిజం కూడా. లాస్టన్ నెలాఖరుకు వచ్చి సంగతి విని, భార్యను ఒక్క మాటా అనలేదు. రెండు రోజులు ఆమెతో మాట్లాడనూ లేదు. మూడోనాడు ఎలూబే చాంబో చేప ఒకటి కాగితంలో చుట్టుకుని తానే వచ్చింది. ముగ్గురూ కలిసి వండుకుని తిన్నారు. అప్పట్నించీ ప్రతి నెలా లాస్టన్ ఇంటికొచ్చినప్పుడు ఒక్క రోజు వస్తుంది. వచ్చేటప్పుడు వీధిలోంచే కేకేసి, ముందు గుమ్మంలోంచి లోపలికొస్తుంది. పొద్దు వాలకముందే బయల్దేరుతుంది.

డోరికా ఆమెను బస్సు దాకా దిగబెట్టి, అది కదిలేదాకా నిలబడుతుంది. మొదటి నెలల్లో ఎలూబే కిటికీ వైపు తిరిగేది కాదు. ఈ మధ్య చెయ్యి ఊపుతోంది.